ఫ్యాక్టరీ కొలువుల వెబ్‌సైట్: వాడేవారిని అడిగే పద్ధతి ఎలా వచ్చింది

తయారీ రంగంలోని ఉద్యోగాలను పరిచయం చేసే వెబ్‌సైట్‌ను విడుదల చేసేముందు దాన్ని వాడబోయే యువతకూ, వాళ్ళ తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ చూపించడం ఇప్పుడు స్థిరపడిన పద్ధతి. వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో గమనించి, ఏమంటున్నారో విని, ఆ మేరకు డిజైన్‌ను సరిదిద్దుతారు. ఇది సాఫ్ట్‌వేర్ రంగం కనిపెట్టిన పద్ధతని చాలామంది అనుకుంటారు. దాని వేళ్ళు మాత్రం చాలావరకు ఫ్యాక్టరీల్లోనే ఉన్నాయి. యంత్రం ముందు నిలబడ్డ మనిషిని కొలిచే దశ నుంచి ఆ మనిషిని అడిగే దశకు, ఆపైన అతనితో కలిసి డిజైన్ చేసే దశకు రావడానికి దశాబ్దాలు పట్టింది. అదే కాలంలో ఫ్యాక్టరీ పని కబురు జనానికి చేరే దారి కూడా మారింది. మేస్త్రీ నోట వినే కబురు ప్రభుత్వ కార్యాలయాల బోర్డుల మీదికి, అక్కడి నుంచి ఫోన్ తెర మీదికి వచ్చింది. ఈ రెండు చరిత్రలూ కలిసిన చోట నేటి కెరీర్ వెబ్‌సైట్ నిలిచింది.

పని కబురు నడిచిన దారి

పత్తి మిల్లులు, జనపనార మిల్లులు వెలసిన 19వ శతాబ్దంలో, భారతదేశంలో పనివాళ్ళను చేర్చుకునే అధికారం చాలావరకు మధ్యవర్తి చేతిలో ఉండేది. బొంబాయి మిల్లుల్లో అతన్ని జాబర్ అనేవారు, కలకత్తా జూట్ మిల్లుల్లో సర్దార్ అనేవారు, తెలుగు, తమిళ ప్రాంతాల్లో మేస్త్రీ అనేవారు. ఖాళీ ఉన్న సంగతి అందరికంటే ముందు అతనికే తెలిసేది. ఊరివాళ్ళనూ బంధువులనూ వెంటబెట్టుకొచ్చి పనిలో పెట్టించేదీ, వాళ్ళ మీద పెత్తనం చేసేదీ, అవసరానికి అప్పు ఇచ్చేదీ అతనే. తెలంగాణ నుంచి బొంబాయికీ షోలాపూర్‌కూ తరలిన చేనేత కుటుంబాలు, ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి ఓడెక్కి బర్మా బియ్యం మిల్లుల్లో కూలికి చేరినవాళ్ళు ఎక్కువగా మేస్త్రీని గానీ, ముందే అక్కడికి వెళ్ళిన చుట్టాన్ని గానీ నమ్ముకుని బయల్దేరినవాళ్ళే. పని ఎలా ఉంటుందో, కూలి ఎంతో, ఎన్ని గంటలు నిలబడాలో చెప్పేది ఆ ఒక్క నోరే. అది నిజమో కాదో సరిచూసుకునే మార్గం ఉండేది కాదు.

1929లో ప్రభుత్వం జాన్ హెన్రీ విట్లీ అధ్యక్షతన రాయల్ కమిషన్ ఆన్ లేబర్‌ను నియమించింది. దేశమంతా తిరిగి సాక్ష్యాలు సేకరించిన ఈ కమిషన్ 1931లో నివేదిక ఇచ్చింది. పనిలో పెట్టుకునేందుకు జాబర్లు లంచాలు గుంజే అలవాటును అది తీవ్రంగా విమర్శించింది. నియామకం, తొలగింపు అధికారాలను జాబర్ల చేతి నుంచి తప్పించాలనీ, ఆ పనికి లేబర్ ఆఫీసర్లను పెట్టాలనీ సూచించింది. యజమానులతో పాటు కార్మికుల మాటకూ, కార్మిక సంఘాల మాటకూ ఒక అధికారిక విచారణలో చోటు దొరకడం ఆ కాలానికి పెద్ద సంగతి.

పశ్చిమ దేశాల్లో ఈ మధ్యవర్తి స్థానంలోకి ముందుగా సంస్థలు వచ్చాయి. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ వొకేషన్ బ్యూరో ప్రారంభించాడు. మనిషి అభిరుచులూ శక్తులూ ఒకవైపు, ఆయా పనుల అవసరాలు మరోవైపు పరిశీలించి రెండిటికీ పొత్తు కుదర్చాలన్నది అతని సిద్ధాంతం. అతను మరణించాక 1909లో అచ్చయిన పుస్తకం వృత్తి మార్గదర్శనానికి పునాది గ్రంథమైంది. అదే ఏడాది బ్రిటన్ లేబర్ ఎక్స్ఛేంజీల చట్టం చేసింది. 1910 ఫిబ్రవరిలో ఆ కార్యాలయాలు తెరుచుకున్నాయి. అమెరికా కార్మిక శాఖ 1939లో వృత్తుల నిఘంటువు ప్రచురించింది. అందులో 17 వేలకు పైగా పనులకు నిర్వచనాలు ఉన్నాయి.

భారతదేశంలో రెండో ప్రపంచయుద్ధం ముగిసే వేళ, 1945లో, సైన్యం నుంచి తిరిగొచ్చేవారికి పని చూపించడానికి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి. తర్వాత అవి అందరికీ తెరుచుకున్నాయి. నిర్ణీత సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలపడాన్ని 1959 చట్టం తప్పనిసరి చేసింది. 1950లో మొదలైన శిక్షణ పథకం కింద ఐటీఐలు ఏర్పడ్డాయి. 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. ఫిట్టర్, టర్నర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ అన్న ట్రేడ్ పేర్లు తెలుగు ఊళ్ళలో ఇంటింటి మాటలైంది ఈ ఐటీఐల వల్లే.

ఈ ఏర్పాట్లు మేస్త్రీ గుత్తాధిపత్యానికి గట్టి పోటీ అయ్యాయి. వాటిలో ఒక లోటు మాత్రం మిగిలిపోయింది. ఏ పనికి ఏ పేరు పెట్టాలో, ఏ వివరం ముందు చెప్పాలో నిర్ణయించింది అధికారులూ యజమానులే. ఆ పట్టిక చదివి పని వెతుక్కునే మనిషికి అది అర్థమవుతోందా అని పరీక్షించే అలవాటు ఇంకా పుట్టలేదు. ఆ అలవాటు మరో దారిలో, ఫ్యాక్టరీ లోపలి నుంచి వచ్చింది.

కొలిచిన కాలం

ఫ్యాక్టరీలో పనిచేసే మనిషిని శ్రద్ధగా గమనించడం మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యుడు ఫ్రెడరిక్ విన్స్‌లో టేలర్. మిడ్‌వేల్, బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారాల్లో అతను ప్రతి పనినీ చిన్న చిన్న భాగాలుగా విడదీసి స్టాప్‌వాచ్‌తో కొలిచాడు. 1911లో తన సిద్ధాంతాన్ని పుస్తకంగా వెలువరించాడు. ఆలోచించడం మేనేజ్‌మెంట్ వంతు, చెప్పినట్టు చేయడం కార్మికుడి వంతు అన్నది ఆ సిద్ధాంతం సారాంశం. అందులో గమనిక ఉంది గానీ అడగడం లేదు.

అదే ఏడాది ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో దానికి జవాబు వచ్చింది. స్టాప్‌వాచ్ ముందు పనిచేయనన్న ఒక మోల్డర్‌ను తొలగించడంతో మిగతా మోల్డర్లు పని ఆపి బయటికి వచ్చారు. ఈ వ్యవహారంపై అమెరికా ప్రతినిధుల సభ విచారణ జరిపింది. 1915లో సైన్యపు నిధుల చట్టం ద్వారా సైనిక ఆయుధ కర్మాగారాల్లో స్టాప్‌వాచ్ వాడకాన్ని కాంగ్రెస్ నిషేధించింది. తన అనుమతి లేకుండా తనను కొలిచి తన పనిని మార్చడాన్ని కార్మికుడు ఊరికే ఒప్పుకోడని యజమానులకు అప్పుడు తెలిసొచ్చింది.

ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు ఇదే దారిలో కొంత మెత్తగా నడిచారు. ఇటుక పేర్చే పనిలో అనవసరమైన కదలికలు తగ్గించడం, పనిని సినిమా కెమెరాతో చిత్రించి పరిశీలించడం వాళ్ళ ప్రత్యేకత. మనస్తత్వ శాస్త్రం చదివిన లిలియన్, అలసట, తృప్తి వంటివాటికీ లెక్కలో చోటిచ్చింది. 1920ల్లో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ కోసం ఆమె శానిటరీ నాప్కిన్ల గురించి వెయ్యి మందికి పైగా స్త్రీల అభిప్రాయాలు సేకరించింది. ఆ కాలంలో బయటికి మాట్లాడడానికే వెనుకాడే వస్తువు గురించి, దాన్ని వాడేవాళ్ళనే నేరుగా అడిగి డిజైన్ ఎలా ఉండాలో చెప్పడం అసాధారణమైన అడుగు.

అడగడం నేర్చుకున్న కాలం

షికాగో పక్కన సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ వర్క్స్ అనే భారీ ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ టెలిఫోన్ పరికరాలు తయారయ్యేవి. వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అని తేల్చుకోవడానికి 1924లో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. వెలుతురు పెంచినా తగ్గించినా ఫలితం అంచనాకు అందలేదు. 1927 నుంచి రిలేలు అమర్చే కొద్దిమంది మహిళలను ఒక ప్రత్యేక గదిలో ఉంచి విరామాలు, పని గంటలు మారుస్తూ పరిశీలించారు. మార్పులు చేసేముందు వాళ్ళతో మాట్లాడేవారు. కాలక్రమంలో ఉత్పత్తి పెరిగింది. దానికి కారణమేమిటన్న వాదం ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. ఎవరో తమను గమనిస్తున్నారన్న స్పృహ మనుషుల నడవడిని మార్చగలదన్న హెచ్చరికకు హాథార్న్ పేరే స్థిరపడింది. నేటికీ డిజైన్ పరీక్ష చేసేవారు ఈ హెచ్చరికను మనసులో ఉంచుకుని పనిచేస్తారు.

పద్ధతి దృష్టితో చూస్తే అంతకంటే విలువైనది 1928లో మొదలైన ఇంటర్వ్యూల కార్యక్రమం. రెండు మూడేళ్ళలో 20 వేలకు పైగా ఉద్యోగులతో మాట్లాడారు. మొదట్లో ముందే రాసుకున్న ప్రశ్నలు అడిగేవారు. కార్మికులు వాటికి ముక్తసరిగా జవాబిచ్చి, తమకు ముఖ్యమనిపించిన సంగతుల వైపు మాట మళ్ళించేవారు. దాంతో ప్రశ్నల జాబితాను పక్కనబెట్టి, మాట్లాడేవారి దారిన వాళ్ళను మాట్లాడనిచ్చి, మధ్యలో అడ్డుపడకుండా వినడం మొదలుపెట్టారు. మాటలు పొడవయ్యాయి, లోతు కూడా పెరిగింది. ఎల్టన్ మేయో, ఫ్రిట్జ్ రోత్‌లిస్‌బర్గర్ ఈ అనుభవాన్ని ప్రపంచానికి తెలియజేశారు. అడిగేవాడు తనకు కావలసిన జవాబు వైపు ఎదుటివాణ్ణి నెట్టకూడదన్న నియమం ఈ ఫ్యాక్టరీ గదుల్లో రాటుదేలింది.

అభిప్రాయాన్ని అంకెల్లో పట్టుకునే సాధనం కూడా ఆ కాలంలోనే దొరికింది. ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అసలు ఒప్పుకోను’ దాకా అయిదు మెట్ల కొలమానాన్ని 1932లో రెన్సిస్ లికర్ట్ ప్రతిపాదించాడు. నేడు వెబ్‌సైట్ అడుగున కనిపించే అభిప్రాయ పత్రాల్లో చాలావాటికి మూలం అదే. 1940ల్లో రాబర్ట్ మెర్టన్, పాల్ లాజర్స్‌ఫెల్డ్ రేడియో కార్యక్రమాల శ్రోతలపై చేసిన పరిశోధనల నుంచి ఫోకస్ గ్రూప్ పద్ధతి పుట్టింది. ఇంటర్వ్యూ, కొలమానం, బృంద చర్చ అనే మూడు పనిముట్లూ కంప్యూటర్ కంటే ముందే సిద్ధమయ్యాయి.

తప్పు మనిషిదా, వస్తువుదా

రెండో ప్రపంచయుద్ధం మరో పాఠం నేర్పింది. అమెరికా బాంబర్ విమానాలు నేల మీదికి దిగాక, రెక్కల ఫ్లాపులు ముడవబోయి చక్రాలనే ముడిచేస్తున్న పైలట్లు పదేపదే కనిపించారు. మనస్తత్వ శాస్త్రవేత్త అల్ఫోన్స్ చపానిస్ విమానంలోకి వెళ్ళి చూశాడు. రెండు మీటలూ ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయి. చక్రాల మీటకు చక్రం ఆకారంలో, ఫ్లాపుల మీటకు రెక్క ఆకారంలో పిడులు పెడితే చేతి స్పర్శతోనే తేడా తెలుస్తుందని అతను చూపించాడు. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ పైలట్ల నోటి నుంచి 460 పొరపాట్ల వృత్తాంతాలు సేకరించి వర్గీకరించారు. అప్పటిదాకా పైలట్ పొరపాటుగా కొట్టిపారేసిన వాటిలో చాలావాటికి కారణం పరికరాల అమరికేనని తేలింది.

ఇక్కడ ఆలోచనా దిశే మారిపోయింది. అంతకుముందు మనిషి వస్తువుకు అలవాటుపడాలి అనేవారు, ఇప్పుడు వస్తువు మనిషికి అనువుగా ఉండాలి అన్నారు. వెబ్‌సైట్‌ను పరీక్షించేటప్పుడు ఎదుట కూర్చున్న విద్యార్థితో ‘పరీక్ష మీకు కాదు, ఈ సైట్‌కు’ అని ముందుగా చెప్పడం ఈ ఆలోచన నుంచి వచ్చిన మర్యాదే.

యుద్ధం ముగిశాక బెల్ ల్యాబ్స్‌లో జాన్ కార్లిన్ బృందం ఈ ఆలోచనను ఇళ్ళలోకి తెచ్చింది. బటన్ల టెలిఫోన్ కోసం అంకెలను ఎలా అమర్చాలన్న ప్రశ్నను ఇంజనీర్ల ఇష్టానికి వదలకుండా, పలు అమరికలను మామూలు మనుషుల చేత వాడించి వేగాన్నీ తప్పులనూ ఇష్టాయిష్టాలనూ కొలిచారు. 1963లో మార్కెట్లోకి వచ్చిన బటన్ల ఫోన్, నేడు ప్రతి మొబైల్‌లో కనిపించే అంకెల వరుస, ఆ పరీక్షల ఫలితమే.

కార్మికులే డిజైనర్లైన కాలం

ఇంతవరకూ కొలిచినా, అడిగినా, పరీక్షించినా నిర్ణయం మాత్రం నిపుణుల చేతిలోనే ఉంది. ఆ నిర్ణయంలో కార్మికుడికి వాటా ఉండాలన్న వాదం 1970ల్లో స్కాండినేవియా దేశాల ఫ్యాక్టరీల్లో బలంగా ముందుకొచ్చింది. ఈ చరిత్రలో తయారీ రంగానికి అన్నిటికంటే గౌరవమైన స్థానం దక్కేది ఇక్కడే.

నార్వేలో ఉక్కు, లోహ కార్మికుల సంఘం తమ ఫ్యాక్టరీల్లోకి వస్తున్న కంప్యూటర్ల గురించి ఆందోళన చెందింది. ఉత్పత్తి ప్రణాళిక, జాబితాలు, పని కేటాయింపు అన్నీ కంప్యూటర్‌లోకి వెళ్తే, అంతకాలం ఫోర్‌మన్‌కూ కార్మికుడికీ తెలిసిన పనితనం మేనేజ్‌మెంట్ చేతికి పోతుందన్నది వాళ్ళ భయం. సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్తల్లో ఒకడైన క్రిస్టెన్ న్యూగోర్ 1970ల ఆరంభంలో ఈ సంఘంతో కలిసి పనిచేయడానికి ముందుకొచ్చాడు. మొదట నిపుణులు అధ్యయనం చేసి నివేదికలు రాసే పద్ధతిలోనే సాగింది. ఆ నివేదికల వల్ల ఫ్యాక్టరీలో ఏమీ మారదని త్వరలోనే గ్రహించారు. అప్పుడు దారి మార్చి, నాలుగు ఫ్యాక్టరీల్లో కార్మికుల అధ్యయన బృందాలు ఏర్పరచారు. కంప్యూటర్ వ్యవస్థల గురించి తామే చదువుకుని, తమ ఫ్యాక్టరీకి ఏం కావాలో తామే తేల్చడం ఆ బృందాల పని. సంఘం తీసుకునే చర్యే ప్రాజెక్టు ఫలితం అని న్యూగోర్ బృందం నిర్వచించుకుంది.

ఆ చర్యలు ఒప్పందాల రూపంలో వచ్చాయి. కొత్త కంప్యూటర్ వ్యవస్థ గురించి ముందుగా, అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు, దాని రూపకల్పనలో మాట చెప్పే హక్కు కార్మికులకు దక్కాయి. 1975లో దేశస్థాయిలో కార్మిక సంఘాల సమాఖ్యకూ యజమానుల సమాఖ్యకూ మధ్య ఒప్పందం కుదిరింది. 1977 నాటి నార్వే పని వాతావరణ చట్టంలో ఈ హక్కులకు చోటు దొరికింది. స్వీడన్‌లో అదే ఏడాది సహనిర్ణయ చట్టం అమలులోకి వచ్చింది. అక్కడ డెమోస్, డెన్మార్క్‌లో డ్యూ అనే ప్రాజెక్టులు నార్వే బాటలోనే నడిచాయి. రైలింజన్ల మరమ్మతు వర్క్‌షాపు, పత్రికా కార్యాలయం వంటి చోట్ల కార్మికులూ పరిశోధకులూ పక్కపక్కన కూర్చున్నారు.

హక్కు దక్కాక ఇంకో ఇబ్బంది ఎదురైంది. కంపెనీలు తయారుచేసిన వ్యవస్థల్లో మార్పులు అడగడమే తప్ప, తమకు కావలసినది ఎలా ఉంటుందో చూపించే వీలు కార్మికులకు లేదు. ఆ వీలు కల్పించడానికి 1981లో యుటోపియా ప్రాజెక్టు మొదలైంది. నార్డిక్ దేశాల ముద్రణ కార్మికుల సంఘం, స్టాక్‌హోమ్, ఆర్హస్ పరిశోధకులు ఇందులో భాగస్వాములు. పెల్లే ఎన్, మోర్టెన్ క్యూంగ్, సుసానె బోడ్కర్ వంటివారు దీనితోనే పేరుపొందారు. పత్రిక పేజీలు కూర్చే పనికి కంప్యూటర్ సాధనం ఎలా ఉండాలన్నది సమస్య. సాంకేతిక వివరాల పత్రాలు ముందుపెట్టి చర్చిస్తే పేజీలు కూర్చే కార్మికులకు అందులో చెప్పడానికేమీ దొరకలేదు. అప్పుడు అట్టపెట్టెలూ చెక్కపలకలూ కాగితాలూ తెచ్చి నకిలీ పనిస్థలం కట్టారు. తెర ఉండాల్సిన చోట కాగితం మీద గీసిన బొమ్మలు, స్లైడ్‌లు పెట్టారు. లేజర్ ప్రింటర్ బదులు ఖాళీ అట్టపెట్టె మీద పేరు రాసి ఉంచారు. కార్మికుడు నిజంగా పేజీ కూర్చుతున్నట్టే చేతులు కదిపాడు. చేయి ఎక్కడ ఆగిందో, ఏ పనిముట్టు అందలేదో అక్కడ డిజైన్ మారింది.

దీని ఆధారంగా తయారైన వ్యవస్థను స్టాక్‌హోమ్‌లోని అఫ్టన్‌బ్లాడెట్ పత్రికలో ప్రయోగాత్మకంగా వాడారు. వాణిజ్యపరంగా అది పెద్దగా నిలదొక్కుకోలేదు. పద్ధతి మాత్రం ప్రపంచమంతా పాకింది. తెర బొమ్మను కాగితం మీద గీసి, విడుదలకు చాలాముందే వాడేవారి చేతికిచ్చి చూడడమన్న నేటి నమూనా పరీక్షకు ఆ అట్టపెట్టెలు బలమైన ఆధారం. సులువుగా పారేయగలిగిన నమూనా ముందు కార్మికుడు మొహమాటం లేకుండా మాట్లాడతాడు. ఖర్చుపెట్టి పూర్తిగా తీర్చిదిద్దిన వస్తువు ముందు ‘బాగుంది’ అని ఊరుకుంటాడు.

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూడడం

అట్లాంటిక్ అవతల అదే దశాబ్దంలో కంప్యూటర్ కంపెనీలు మరో వైపు నుంచి ఇదే చోటికి వచ్చాయి. ఐబీఎం పరిశోధకుడు క్లేటన్ లూయిస్ 1982లో ఒక పద్ధతిని వివరించాడు. వాడుకరిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మనసులో మెదిలేదంతా పైకి చెబుతూ పనిచేయమంటారు. మాటల రూపంలో వచ్చే ఈ సమాచారాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఆండర్స్ ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్ శాస్త్రీయంగా పరిశీలించారు. పని చేస్తుండగా చెప్పే మాట నమ్మదగినదనీ, తర్వాత ఎప్పుడో కారణాలు వివరించమంటే వచ్చే జవాబు అంత నమ్మదగినది కాదనీ వాళ్ళు చూపించారు.

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ కోసం ఐబీఎం క్రీడాకారులకు స్వర సందేశాల వ్యవస్థను తయారుచేసింది. అనేక దేశాల నుంచి, అనేక భాషల నుంచి వచ్చే, శిక్షణ తీసుకునే తీరిక లేని మనుషులు దాన్ని వాడాలి. జాన్ గౌల్డ్ బృందం ప్రోగ్రామ్ రాయకముందే సంభాషణ ఎలా సాగుతుందో కాగితాల మీద రాసి జనానికి చూపించింది. ఆపైన నమూనాలను నడవాల్లో పెట్టి, దారినపోయేవారి చేత వాడించింది. గౌల్డ్, లూయిస్ 1985లో ఈ అనుభవసారాన్ని మూడు సూత్రాల్లో చెప్పారు: మొదటి నుంచే వాడుకరుల మీద దృష్టి పెట్టాలి, వాడకాన్ని కొలవాలి, కొలిచి సరిదిద్ది మళ్ళీ కొలవాలి.

1986లో జాన్ బ్రూక్ పది వాక్యాల చిన్న ప్రశ్నపత్రం రూపొందించాడు. లికర్ట్ కొలమానం మీద నడిచే ఆ పత్రం ఏ వ్యవస్థకైనా వాడకంలోని సౌలభ్యానికి 0 నుంచి 100 మధ్య ఒక అంకె ఇస్తుంది. ఇంత కాలమైనా దాని వాడకం తగ్గలేదు. ఖర్చు ఎక్కువని పరీక్షలు మానేయడం కంటే కొద్దిమందితోనైనా చేయడం మేలని 1989 నుంచి జేకబ్ నీల్సన్ వాదించాడు. అయిదుగురితో పరీక్షిస్తే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయన్న 2000 నాటి అతని మాట ప్రఖ్యాతమైంది. మరుసటి ఏడాది జేర్డ్ స్పూల్, విల్ ష్రోడర్ కొనుగోళ్ళ వెబ్‌సైట్ల మీద చేసిన అధ్యయనంలో అయిదుగురు పట్టుకున్నది 35 శాతం లోపాలనే. పని రకరకాలుగా సాగే సైట్‌కు, వాడేవాళ్ళు రకరకాలుగా ఉండే సైట్‌కు అయిదుగురు చాలరు. ఆ అయిదుగురితో చూసి, సరిదిద్ది, మరో అయిదుగురి దగ్గరకు వెళ్ళాలి.

కెరీర్ సైట్ల వంతు

1990ల్లో ఉద్యోగ ప్రకటన ఇంటర్నెట్ మీదికి వచ్చింది. అమెరికాలో మాన్‌స్టర్ బోర్డ్ 1994లో, భారతదేశంలో నౌకరీ 1997లో మొదలయ్యాయి. అమెరికా కార్మిక శాఖ తన వృత్తుల నిఘంటువు స్థానంలో ఓనెట్ అనే వృత్తుల సమాచార వ్యవస్థను తెచ్చి 1998లో ఇంటర్నెట్‌లో పెట్టింది. భారత కార్మిక శాఖ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల వ్యవస్థకు కొత్త రూపంగా 2015 జులైలో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌ను ప్రారంభించింది.

తయారీ రంగానికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఖాళీల జాబితా పెట్టినంత మాత్రాన యువత రావడం లేదు, ఎందుకంటే ఫ్యాక్టరీ పని గురించి వాళ్ళ మనసుల్లో పాత బొమ్మ ఉంది. పొగ, జిడ్డు, మోత, ఎదుగుదల లేని షిఫ్టులు అన్న ఆ బొమ్మ ఆధునిక యంత్రశాలకు చాలాచోట్ల సరిపోదు. అమెరికాలో తయారీదారుల జాతీయ సంఘానికి అనుబంధమైన మాన్యుఫాక్చరింగ్ ఇన్‌స్టిట్యూట్ 2005లో యువతను ఆకర్షించే ప్రచారం మొదలుపెట్టింది. 2012 అక్టోబరు నుంచి ఏటా ఫ్యాక్టరీ తలుపులు జనానికి తెరిచే దినోత్సవం జరుగుతోంది. 2030 నాటికి అమెరికాలో 21 లక్షల తయారీ ఉద్యోగాలు భర్తీ కాకుండా మిగిలిపోవచ్చని మాన్యుఫాక్చరింగ్ ఇన్‌స్టిట్యూట్, డెలాయిట్ సంస్థ కలిసి 2021లో అంచనా వేశాయి. అందువల్ల తయారీ కెరీర్ సైట్‌కు రెండు బాధ్యతలు వచ్చిపడ్డాయి. ఖాళీ ఎక్కడుందో చెప్పాలి, ఆ పని నిజంగా ఎలా ఉంటుందో కూడా చూపించాలి. రెండోది నెరవేరిందో లేదో చదివేవాణ్ణి అడిగితే తప్ప తెలియదు.

ఎవరిని అడగాలన్నది మొదటి మెట్టు. పదో తరగతి విద్యార్థి, ఐటీఐ పూర్తిచేసినవాడు, వేరే పని మానుకుని వచ్చేవాడు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పనివాళ్ళ కోసం చూస్తున్న చిన్న యజమాని ఒకే పేజీని వేరువేరు ప్రశ్నలతో తెరుస్తారు. విద్యార్థి జీతం, చదువు అడుగుతాడు. తల్లి భద్రత, షిఫ్టు, ఊరి నుంచి దూరం అడుగుతుంది. వీళ్ళను విడివిడిగా చూడకపోతే వచ్చే సగటు అభిప్రాయం ఎవరికీ పనికిరాదు.

రెండో మెట్టు, పేర్లూ వర్గాలూ. కార్డుల మీద ఉద్యోగాల పేర్లు రాసి, తమకు తోచినట్టు గుంపులు కట్టమంటారు. ఈ పద్ధతిలో కంపెనీ విభాగాల ప్రకారం కట్టిన మెనూకూ, చదువరి మనసులోని గుంపులకూ మధ్య దూరం బయటపడుతుంది. ఆపైన బొమ్మలూ రంగులూ లేని ఉత్త మెనూ ఇచ్చి, ‘అప్రెంటిస్‌గా చేరాలంటే ఎక్కడికి వెళ్తారు’ అని అడుగుతారు. మొదటి క్లిక్ ప్రాధాన్యాన్ని బాబ్ బెయిలీ, కారీ వుల్ఫ్‌సన్ అధ్యయనం చూపించింది. మొదటి క్లిక్ సరిగా పడ్డవారిలో 87 శాతం పని పూర్తిచేయగలిగారు. తప్పు పడ్డవారిలో 46 శాతమే పూర్తిచేశారు.

మూడో మెట్టు, చేతికిచ్చి చూడడం. తెలుగు రాష్ట్రాల్లో ఫ్యాక్టరీ పని వెతుక్కునే యువత చాలావరకు కంప్యూటర్ మీద కాకుండా ఫోన్ మీదే వెతుకుతుంది. శ్రీసిటీకో పాశమైలారానికో పనికి వెళ్ళదలచుకున్న అమ్మాయికి హాస్టల్, బస్సు, షిఫ్టు వివరాలు జీతమంత ముఖ్యం. ఆఫీసు గదిలోని పెద్ద తెర మీద, ఇంగ్లీషులో, ఇంజనీరింగ్ విద్యార్థులతో చేసిన పరీక్ష ఆమె గురించి ఏమీ చెప్పదు. ఆమె ఫోన్‌లో, ఆమె భాషలో, ఆమెకు అలవాటైన నెట్ వేగంతో చూడాలి.

నాలుగో మెట్టు, విన్నదాన్ని తూచడం. ‘మీకు నచ్చిందా’ అన్న ప్రశ్నకు పెద్దల ముందు కుర్రాళ్ళు నచ్చిందనే అంటారు. అందుకే హాథార్న్ నేర్పినట్టు మాటను వాళ్ళ దారిన సాగనిస్తారు, ఐబీఎం నేర్పినట్టు పని ఇచ్చి చూస్తారు, రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో పోలుస్తారు. పేజీ ముగియకముందే వెళ్ళిపోయినవారి లెక్క, వెతుకు పెట్టెలో జనం కొట్టిన మాటలు విడుదల తర్వాత కూడా అభిప్రాయమే చెబుతాయి. చూపు మందగించినవారికీ, మౌస్ వాడలేనివారికీ సైట్ అందాలన్న ప్రమాణాలు 1999 నుంచి అమలులో ఉన్నాయి. వాళ్ళను పరీక్షకు పిలవకుండా ఆ ప్రమాణం నెరవేరిందో లేదో పూర్తిగా తేల్చలేం.

అడగడంతో ఈ పని ముగియదు. నార్వే లోహ కార్మికులు నివేదికలను పక్కనబెట్టి చర్యనే ఫలితంగా ఎంచినట్టు, సేకరించిన అభిప్రాయం డిజైన్‌లో ఏదో ఒకటి మార్చినప్పుడే దానికి విలువ. ఏ మాట విని ఏది మార్చారో, ఏ మాటను ఎందుకు పక్కనబెట్టారో రాసిపెట్టి, అభిప్రాయం చెప్పినవారికి తిరిగి చెప్పే సంస్థలకు మరుసటిసారి నిజమైన జవాబులు దొరుకుతాయి. పని వెతుక్కునే మనిషి తన భవిష్యత్తును ఈ పేజీల్లో చూసుకుంటాడు కాబట్టి, వాటి రూపం గురించి అతని మాట వినడం డిజైనర్ తప్పనిసరి బాధ్యత.